పైరు నలుపు

ఆమె మొగుడికి దేవుడు రెండు చెవులిచ్చాడు. ఆయన ఆ రెండింటినీ ఎరువుల కొట్లో వదిలేసి ఇంటికి ఉత్త తలతో వచ్చేవాడు. కొట్టాయన మాట వేదం, పక్క చేనాయన మాట శాసనం, పెళ్లాం మాట వానలో రేకు చప్పుడు.

ఆయనకు పైరు నల్లగా ఉండాలి. ముదురాకుపచ్చ తిరిగిన వరిని అక్కడ నల్లబడిందనే అంటారు. పెళ్లాం తెల్లగా, పైరు నల్లగా ఉండాలని కోరుకున్న మనిషికి మొదటిది కుదరలేదు గనక రెండోదాని మీద పంతం పెరిగిందని ఆమె అనుకునేది. పైకి అందామంటే వినడానికి ఇంట్లో ఎవరున్నారు? ఆయన తెల్లారకుండానే పొలానికి, అటునుంచటే కొట్టుకు. ఆమె మాటకు బదులిచ్చేది కుక్కరొక్కటే. అదీ పప్పుడికేదాకానే.

వరి పొట్ట దశ దాటాక కూడా ఆయన ఇంకో బస్తా యూరియా మోసుకొచ్చాడు.

"ఇప్పుడెందుకండీ? ఆకు పెరిగి కాడ మెత్తబడుతుంది. గాలొస్తే పడిపోతుంది," అంది. ఆమె వృక్షశాస్త్రం చదివింది. ఆ చదువు ఇంతవరకూ పోపుల డబ్బాలకు చీటీలు రాయడానికే పనికొచ్చింది.

"పక్కాయన చేను చూశావా? కాటుకలా ఉంది. మనది పాలిపోతే దారినపోయేవాళ్లు ఏమనుకుంటారు?"

"కూరలో ఉప్పు తక్కువైతే కలుపుకోవచ్చు. ఎక్కువైతే తీయగలమా?"

"నువ్వు ఆ కూర సంగతే చూసుకో."

దారి పక్క మడికి ఆయనే చల్లాడు. ఇంటి వెనక మడి ఎవరి కంటా పడదు గనక, మిగిలిన సగం బస్తా ఆమెకు అప్పగించాడు. ఆమె దాన్ని వంటింట్లో నీళ్ల బిందె వెనక దాచేసింది.

దాచాక భయం పట్టుకుంది. ఏడాది తిండి ఆ రెండు మళ్లలోనే ఉంది. తన చదువు తప్పని తేలితే ఆ ఇంట్లో ఇక నోరెత్తేది లేదు. మధ్యాహ్నం ఒక్కతే కిటికీ దగ్గర కూర్చుని అన్నం కలుపుకుంటూ, పాలిపోయిన ఆ మడితో, "నువ్వైనా నా మాట నిలబెట్టవే," అనేది.

గింజ పాలు పోసుకునే వేళకు గాలివాన వచ్చింది. పొద్దున చూస్తే దారి పక్క మడి చాపలా పరుచుకుని ఉంది. పక్కాయన కాటుక చేనూ అంతే. వెనక మడి మాత్రం నిలబడే ఉంది.

ఆయన బురద కాళ్లతో వచ్చి వంటింటి గుమ్మంలో ఆగాడు.

"వెనక మడికి ఏం చల్లావ్?"

ఆమె బిందె పక్కకు జరిపింది. చెమ్మకు యూరియా బస్తాలోనే రాయిలా గడ్డకట్టుకుపోయింది. ఆయన వంగి దాన్ని వేలితో పొడిచి చూశాడు.

"చల్లలేదని చెప్పొచ్చుగా."

"అసలు వద్దనే చెప్పాను. అప్పుడు మీ చెవులు కొట్లో ఉన్నాయి."

కుక్కరు కూత వేసింది. అది ఆగాక ఆయన పీట లాక్కుని కూర్చున్నాడు.

"తప్పు నాదే," అన్నాడు. "కొట్టాయన్ని అడిగాను, పక్కాయన్ని అడిగాను. నిన్నడగలేదు."