చివరి ముసుగు

ఆ వారమంతా సరస్సు కనపడలేదు. అమెరికాలో మా రేవు ఊరు డులూత్‌లో అక్టోబరు పొగమంచు దిగిందంటే, కాలువ అవతల ఇసుకతిన్నె మీది మా ఇళ్ళు నేలను వదిలేసి ఎటో తేలిపోతున్నట్టుంటాయి. కాలువలో ఓడల కూతలు వినిపిస్తాయి. ఓడలు మాత్రం ఉండవు.

అలాంటి ఒక పొద్దున నేను పక్కింటి మార్లిస్ వంటింట్లో కూర్చుని, మా ఊరి ఓడల పేజీని పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారుస్తున్నాను. మా ఇంట్లో ఇంటర్నెట్ సరిగ్గా రావడం లేదని చెప్పాను. అబద్ధం. ఆవిడ ఆపిల్ పై కోసం వచ్చాను.

ఓడలు చూడటం మా ఊరికి పట్టిన పిచ్చి. వచ్చిన ప్రతి ఓడ గురించీ ఎవరో ఒకరు పేజీలో నాలుగు ముక్కలు రాస్తారు. చివర్లో కూత సంగతి తప్పకుండా ఉండాలి. ఒడ్డు నుంచి పలకరిస్తే ఓడ పలికిందా, లేదా? అది లేని రాత మావాళ్ళకు ఉప్పు లేని కూరతో సమానం.

మార్లిస్ పలకరింపు వరండాలోని ఇత్తడి గంట. ఆవిడ ఇక్కడ గంట కొట్టేది, ఓడ కూసేది, ఆవిడ భర్త ఆర్విడ్ కాలువ గట్టున నిలబడి ఫోనులో రాసేవాడు. మూడేళ్ళ కిందట ఇలాంటి మంచులోనే ఏదో రాసి, ఇంటికి వస్తూ దారిలో కుప్పకూలిపోయాడు. పేజీలో ఆయన చివరి రాత ఇంతే: "మంచు. కనుచూపు".

"మాట మధ్యలోనే నొప్పొచ్చిందమ్మా ఆయనకి," అంది మార్లిస్, నా పళ్ళెంలో ఇంకో ముక్క వేస్తూ. "అక్కడాయన గుండె పట్టుకుంటే, ఇక్కడ నేను టింగుటింగుమని వాయిస్తున్నా. అసలు విన్నాడో లేదో."

"అలా అనుకోకండి."

"ఎలా అనుకోవాలో నువ్వు చెప్తావా కైసా? తిను ముందు."

ఆ రోజు నుంచి ఆవిడ గంట ముట్టుకోలేదు. గాలికి కూడా మోగకుండా గంట నాలుకకు ఆర్విడ్ ఉన్ని మేజోడు తొడిగేసింది. ఆ మేజోడు చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది.

నా పనికి వస్తే, పాత రాతలన్నీ ముసుగుల్లో ఉన్నాయి. వెబ్ పేజీలో కొన్ని గుర్తుల్ని ఉన్నవి ఉన్నట్టు పెట్టకూడదు. '<' కనపడితే బ్రౌజరు అది తనకిచ్చిన ఆజ్ఞ అనుకుంటుంది. అందుకని దానికి &lt; అని ముసుగు వేస్తారు. పేజీ సర్వర్ మారిన ప్రతిసారీ ఎవరో మహానుభావుడు ముసుగు మీద ముసుగు వేశాడు. అది &amp;lt; అయింది, ఆ తర్వాత ఇంకా పొడుగైంది. నేను ఒక చిన్న ప్రోగ్రాం రాసి, ముసుగన్నది కనపడనంత వరకూ విప్పుతూనే ఉండమన్నాను.

తెర మీద మంచు విడుతున్నట్టే ఉంది. చెత్తలోంచి మాటలు ఒక్కొక్కటే తేలుతున్నాయి. ఎప్పటివో ఓడలు, ఎవరెవరివో ఉదయాలు, విరిగిన మంచుగడ్డలు, సీగల్ పక్షుల మీద తిట్లు. పనిచేస్తున్నానో కలగంటున్నానో తెలియలేదు. చివరికి ఆర్విడ్ రాత వచ్చింది.

"మంచు. కనుచూపు".

అంతే. పాత పేజీలో ఉన్నట్టే. కానీ దాని కింద, వేరే వాళ్ళ రాత మొదట్లో పేరు కూడా ఎగిరిపోయింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. చచ్చిపోయే మనిషి పక్కవాడి పేరెలా చెరుపుతాడు? బ్రౌజరును పక్కన పెట్టి, సర్వర్లో ఉన్న అసలు రాతను తెరిచాను.

అక్కడ మాట ఆగలేదు. కనుచూపు అరమైలు కూడా లేదని చెప్పడానికి, సోమరిపోతు ఆర్విడ్ 'కన్నా తక్కువ' అనే గుర్తు పెట్టి, ఖాళీ అయినా వదలకుండా తర్వాతి మాట అంటించేశాడు. ఆ గుర్తుకు ముసుగు వేసే ఉంది. పాత పేజీ నాలాగే ఒళ్ళు తెలియకుండా అన్నీ విప్పేసింది. బ్రౌజరు అదేదో ఆజ్ఞ అనుకుని మిగతాదంతా, కిందివాళ్ళ పేరుతో సహా, గుటుక్కున మింగింది. పై ముసుగులు విప్పాలి, చివరిది బ్రౌజరు కోసం ఉంచాలి. మా పనిలో చేరిన మొదటి వారంలో నేర్పే సంగతి ఇది. ప్రోగ్రాం సరిచేసి పేజీ మళ్ళీ తెరిచాను.

"మార్లిస్, ఇలా రండి."

"పై అయిపోయిందా?"

"రండి అంటున్నానా!"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది.

"మంచు. కనుచూపు <అరమైలు. ఓడ ఆనవాలే లేదు. మా ఇంటి కెప్టెన్ గంట మాత్రం వినపడింది, ఇవాళ రెండు దెబ్బలు ఎక్కువ. అంటే నన్ను క్షమించినట్టే. ఓడ కూడా పలికింది: ఒకటి పొడుగు, రెండు పొట్టి. ఇంటికెళ్తున్నా."

ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"నువ్వు రాశావా ఇది? నన్ను ఊరుకోబెట్టడానికి?"

"మీరిద్దరూ పోట్లాడుకున్నారని నాకేం తెలుసు?"

"ఎవరికీ తెలీదు," అంది మార్లిస్ మెల్లగా. "ఆ పొద్దున నోటికొచ్చినట్టు అన్నా. ఆయన గడప దాటాక మనసొప్పలేదు. అందుకే రెండెక్కువ కొట్టా." కుర్చీలో కూలబడి, ఏడుస్తూనే నవ్వింది. "విన్నాడే ముసలోడు! వినే ఇంటికొస్తున్నాడు!"

నేనూ ఏడ్చాను. సిగ్గుపడలేదు.

కింద కాలువ దగ్గర వంతెన లేపే చప్పుడైంది. ఏదో ఓడ వస్తోంది. మార్లిస్ లేచి, కోటు కూడా వేసుకోకుండా వరండాలోకి వెళ్ళింది. మేజోడు లాగేసి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గంట కొట్టింది. చివర్లో రెండు దెబ్బలు ఎక్కువ.

తెల్లటి మంచులోంచి, ఎక్కడినుంచో తెలియకుండా, కూత వచ్చింది. ఒకటి పొడుగు. రెండు పొట్టి.

"చూస్తావేం, రాయి," అంది మార్లిస్, ఆ మేజోడుతోనే ముక్కు తుడుచుకుంటూ. "కూత సంగతి మర్చిపోకు."