నేల మాట ఎత్తకూడని ఇల్లు

టైల్స్ మేస్త్రి ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు మనుషుల మొహాలు చూడడు, నేల చూస్తాడు. నలభై ఏళ్లు మోకాళ్ల మీద బతికినవాడికి ఇంకేం కనపడుతుంది! శుభకార్యానికి వెళ్లినా, పరామర్శకు వెళ్లినా, చెప్పులు విడిచిన మరుక్షణం మడమతో నేలను తట్టి చూస్తాడు. డొల్ల మోత వినపడిందా, ఇక ఆ ఇంటివాళ్లు చెప్పేది ఒక్క ముక్క ఆయన చెవికెక్కదు. పోనీ కనిపెట్టిన తప్పును కడుపులో దాచుకునే రకమా అంటే అదీ కాదు. చుట్టాలు ఆయన్ని పిలిచేముందు రెండుసార్లు ఆలోచిస్తారు.

అలాంటి మనిషికి ఇల్లు వెతికే పని పడింది.

కూతురు ఆసుపత్రిలో నర్సు. అల్లుడు లారీ మీద వారాలకు వారాలు తిరిగే మనిషి. బడికి సెలవులిస్తే రెండున్నర నెలలు పిల్లలిద్దర్నీ ఎవరో ఒకరు చూడాలి. కిందటేడు తండ్రి దగ్గరే దింపింది. రేకుల కప్పు కింద రెండు గదులు. పదకొండు గంటలకల్లా పెనంలా కాలిపోయేవి. పదో రోజుకు మనవడి వీపంతా సెగ్గడ్డలు. కూతురు వచ్చి చూసి, ఒక్క మాట అనకుండా పిల్లల్ని తీసుకెళ్లి ఆడపడుచు ఇంట్లో దింపేసింది. ఆ అనని మాట మేస్త్రికి ఏడాది పొడుగునా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఈసారి కూతురు ముందే చెప్పేసింది. "నాన్నా, నీడా గాలీ ఉన్న ఇల్లు ఈ వేసవి వరకూ అద్దెకు చూడు. ఆదివారం పొద్దుగూకేలోపు దొరికితే పిల్లలు నీ దగ్గరే. లేదంటే మా వదిన పంపమంటోంది. సోమవారం నుంచి నాకు డ్యూటీ. ఆపైన నన్ననొద్దు."

ఆదివారం పొద్దున్నే నలుగురూ బయల్దేరారు: మేస్త్రి, కుట్టుపని చేసే భార్య, ముందురోజే కూతురు దింపి వెళ్లిన ఆరేళ్ల మనవరాలు, నాలుగేళ్ల మనవడు. మనవరాలు అందరికీ పనులు పురమాయిస్తుంది కాబట్టి దాన్ని ఇంట్లో పెద్దమనిషి అంటారు. వాడు బుడంకాయ. వాడికి ఆ పేరు ఎందుకొచ్చిందో వాడి బొజ్జ చూస్తే చాలు.

మొదటి ఇంట్లో మేస్త్రి స్నానాలగదిలో చెంబుడు నీళ్లు కుమ్మరించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు తూము వైపు పోకుండా గుమ్మం వైపు వచ్చాయి.

"ఇది స్నానాలగదా, చేపల చెరువా?" అన్నాడు. అక్కడితో ఆ ఇల్లు అయిపోయింది.

రెండో ఇంట్లో ఆయన మొహం విప్పారింది. "చూశావుటే, నేల అద్దంలా ఉంది!"

"ఉంది ఉంది. మెట్లకు కమ్మీలు లేవు. బుడంకాయ దొర్లి నీ అద్దం మీదే పడతాడు. అప్పుడు మొహం చూసుకుందువు గాని," అంది భార్య.

మూడో ఇంటావిడ పిల్లల్ని చూసి, అల్లరి చేస్తారా అని అడిగింది. "చేస్తాం," అంది పెద్దమనిషి. అదీ అయిపోయింది.

నాలుగో ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగయింది. ఊరి చివరి బస్టాపు పక్క సందు. ముందు భాగంలో పని నుంచి రిటైరైన బస్సు డ్రైవరూ ఆయన భార్యా ఉంటున్నారు. వెనక రెండు గదులు ఖాళీ. చుట్టూ ఎత్తు గోడ, రెండు పెద్ద చెట్ల నీడ, పెరట్లో కుళాయి. గదిలో మోకాలెత్తున వెడల్పాటి కిటికీ గట్టు. బుడంకాయ ఎవరూ చెప్పకుండానే దానిమీదికి పాకి, కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాడు. పెద్దమనిషి వాడి పక్కన చేరి, "ఇక్కడ నేను, అక్కడ నువ్వు," అని హద్దులు నిర్ణయించేసింది. మేస్త్రి భార్య గుండెల నిండా గాలి పీల్చి, అమ్మయ్య అనుకుంది.

సరిగ్గా అప్పుడే మేస్త్రి మడమతో నేలను తట్టాడు.

ఒకచోట డొల్ల. ఇంకోచోట డొల్ల. కూర్చుని అరచేత్తో తడిమాడు. గది నడుమ పళ్లెంలా దిగిపోయి ఉంది. ఆయనకు పూనకం వచ్చేసింది.

"ఏ చేతకాని వెధవ పరిచాడమ్మా ఇది? నేల వాటం చూసే రసమట్టమన్నది కంటితో చూశాడా వాడు? పోనీ, ఆ కళ్లయినా తెరిచి పరిచాడా? ఇలాంటివాడి చేతికి తాపీ ఇచ్చినవాణ్ణి ముందు తన్నాలి!"

గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న డ్రైవరు పేపరు మడిచాడు. లేచి, తమ గదిలోకి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నాడు.

ఇంటావిడ మేస్త్రిని పైనుంచి కిందికి చూసింది. "ఆ చేతకానివాడు ఆయనేనండీ. రిటైరయ్యాక ఏం తోచక ఏడాదిపాటు ఒక్కరే పరిచారు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు. మీకూ చూపిద్దామనే ఆ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇక దయచేయండి. పిల్లలకు చెప్పులు తొడగండి."

నలుగురూ బస్టాపుకు నడిచారు. బెంచీ మీద కూర్చున్నాక భార్య మొదలెట్టింది. "ఇన్ని రవికలు కుట్టాను, నీ నోటికి రెండు కుట్లు వేయలేకపోయాను. కూతురు తలుపులన్నీ మూసేసి ఒక్కటి తెరిచి పెట్టింది. అది నువ్వు మూశావు."

"ఉన్న మాటే అన్నాను."

"ఉన్న మాటతోనే ఉండు. పిల్లలతో ఎలాగూ ఉండవుగా!"

పెద్దమనిషి తాత మోకాలి మీద చెయ్యి వేసింది. "తాతా, అయితే అత్తవాళ్లింటికేనా? అక్కడ కిటికీలు తియ్యరు."

తిట్టడం తప్ప మరో మాట రాని నోరు మేస్త్రిది. మంచి మాట బయటికి రావాలంటే దానికి తోవ తెలియదు. పంచె దులుపుకుని లేచాడు. "బస్సొస్తే ఎక్కకండి," అని వెనక్కి నడిచాడు.

ఇంటావిడ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "ఏమన్నా మర్చిపోయారా?"

"మర్యాద మర్చిపోయానమ్మా. ఆయన్నొకసారి పిలవండి."

పిలవక్కర్లేకపోయింది. డ్రైవరే వచ్చాడు. "మీరు పనివారు కదా, చెప్పండి. నిజంగా అంత అధ్వాన్నంగా ఉందా?" అని అడిగాడు, చిన్నపిల్లాడిలా.

అబద్ధమాడితే ఇల్లు వచ్చేస్తుంది. మేస్త్రికి అది చేతకాలేదు. "వాటం తప్పిందండీ. రెండుచోట్ల డొల్ల. కానీ నా మొదటి గది దీనికన్నా ఘోరం. పదమూడేళ్లవాణ్ణి, బడి మానేసి రెండు నెలలయింది. ఇంటాయన నాచేత టైల్సన్నీ పీకించి, నెత్తిన పెట్టి వీధి చివరిదాకా నడిపించాడు. వెధవా అన్న మాట అక్కడే నేర్చుకున్నాను. మీమీద వాడాల్సింది కాదు."

అంటూ తల దించుకున్నాడు. దించిన తల దించినట్టే ఆగిపోయింది. ద్వారబంధం చుట్టూ టైల్‌ని కోసిన కోత కనపడింది. మోకాళ్ల మీద కూలబడి బొటనవేలితో తడిమాడు. వెంట్రుక దూరే సందు లేదు.

"ఇది ఏ మెషిన్‌తో కోశారు?"

"మెషినెక్కడిదండీ! రంపం బ్లేడుతో గీసి, ఆకురాయితో అరగదీశాను. ఒక్కో ముక్కకు ఒక పూట పట్టింది."

"నేను నలభై ఏళ్లలో ఇంత దగ్గరగా ఒక్కటి కూర్చోబెట్టలేదు. సందుంటే సిమెంటు మెత్తి కప్పెట్టడమే." ఆ మాట పైకి రావడానికి మేస్త్రికి ఇటుకల లోడు దింపినంత పనయింది. కానీ నిజం.

డ్రైవరు ఆయన పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అలాంటివి ఇంకా నాలుగున్నాయి, రండి." ఇద్దరూ గోడ వెంట పాకుతూ రెండో గదిలోకి వెళ్లిపోయారు.

ఇంటావిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "లేవండి ఇద్దరూ. పసిపిల్లలు నయం. ఇల్లు ఇస్తాను మేస్త్రిగారూ, మీ మొహం చూసి కాదు, ఆ కిటికీ మీద కూర్చున్న మొహాలు చూసి. కానీ ఒక్క షరతు. వేసవి వెళ్లేదాకా నేల మాట ఎత్తకూడదు. ఎత్తిన రోజు సామాను వీధిలో ఉంటుంది."

"ఎత్తను. పోనీ ఆ డొల్ల ఉన్నచోట నేనే కాస్త..."

"ఎత్తారు!"

"ఎత్తలేదమ్మా, ఎత్తలేదు," అని మేస్త్రి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

మేస్త్రి సందు చివరికెళ్లి కేకేయగానే బస్టాపు నుంచి పిల్లలు పరుగెత్తుకుంటూ, వాళ్ల వెనకే భార్యా వచ్చారు. వచ్చిన పావుగంటలో బుడంకాయ కుళాయి దగ్గర్నుంచి బకెట్టు ఈడ్చుకొచ్చి గది నడుమ బోర్లించాడు. వాటం సరిగ్గా ఉన్న గదైతే ఆ నీళ్లు గుమ్మం దాటి పోవాలి. ఇవి పోలేదు. పళ్లెంలాంటి పల్లంలో హాయిగా నిలిచాయి. ఇద్దరూ అందులో కూలబడి కాళ్లతో చప్పుడు చేస్తూ కేరింతలు కొట్టారు. మేస్త్రి పళ్లు బిగబట్టుకుని చూశాడు. చూడగా చూడగా పట్టు వదిలింది. పంచె పైకి మడిచి, వాళ్ల పక్కన ఒక పాదం నీళ్లలో పెట్టాడు. చల్లగా ఉంది.

పొద్దుగూకుతుండగా కూతురు ఫోన్ చేసింది.

"దొరికిందే. నీడ ఉంది, గాలి ఉంది. చుట్టూ గోడ ఉంది."

కూతురికి తండ్రి సంగతి తెలుసు. "నేల?"

ఇంటావిడ గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించింది. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేల..." మేస్త్రి గుమ్మం వైపు ఓరగా చూశాడు. "నేలలాగే ఉంది."

"నాన్నా, నీ ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా. పిల్లలకు ఇంకో రెండు జతలు ఎక్కువ పంపు. ఉన్నవి తడిపేశారు."