ఆదెమ్మ అన్న మాట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా రేడియో స్టేషన్లో అందరూ అంటారు. ఉంటే ఉండనీండి. బెజవాడ పటమటలో చెప్పుల కొట్టు పైన అగ్గిపెట్టంత గదిలో, ఏసీ పనిచెయ్యకుండా, ఆదివారం సాయంత్రం రాక్ షో నడిపి చూడండి. మీకూ ఉంటుంది.

షోలో రెండు ఆల్బమ్‌లు వేస్తాను. ముందు ఒక పాతది, తర్వాత ఒక కొత్తది. మధ్యలో వాగను. పాటని కొయ్యడమంటే నాకు చచ్చేంత అసహ్యం. ఆ ఆదివారం పాతది డెబ్భైల నాటి ఇంగ్లండు బ్యాండుది. కొత్తది మా తమ్ముడు బెన్నీ వాళ్ళది. ఉయ్యూరు కుర్రాళ్ళు నలుగురు చేసిన మొదటి ఆల్బమ్, పేరు 'చెరకు లోడు'. గిటారు మావాడు, డ్రమ్స్ బట్టల కొట్టు పాండురంగయ్య గారబ్బాయి సాయిగణేష్. వారం నుంచీ పంపరా పంపరా అని మొత్తుకుంటే, వెధవ, షో మొదలయ్యే ముందు పంపాడు.

పాత ఆల్బమ్ ప్రసారంలో పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని వాడిది విన్నాను. బాగుందండీ. తమ్ముడని కాదు, నిజంగానే బాగుంది. డ్రమ్స్ మోత ఎంత పెద్దగా ఉందో! వీళ్ళకింత పెద్ద హాలు ఎక్కడ దొరికిందబ్బా అనుకున్నాను. చివరి పాటలో గిటారు గోలంతా అణిగిపోయింది. ఆ మోత ఇంకా పూర్తిగా ఆగకముందే ఒక ఆడమనిషి గొంతు గట్టిగా అంది: "స్తోత్రం!"

అది ఆదెమ్మ గొంతు. ఉయ్యూరులో మా చర్చి ఊడ్చే ఆదెమ్మత్త. మా వాళ్ళకి పాట ఆగితే స్తోత్రం అనకపోతే నోరు ఊరుకోదు, తుమ్మితే చిరంజీవ అన్నట్టే. ఆ గొంతు మా పేటలో చంటిపిల్లలు కూడా గుర్తుపడతారు. అంటే ఈ కోతిమూక రాక్ ఆల్బమ్‌ని చర్చిలో రికార్డు చేసింది! చర్చి తాళం ఉండేదేమో మా నాన్న దగ్గర.

మా నాన్న ఫిలిప్ మాస్టారు నా చిన్నప్పటి నుంచీ అక్కడ క్వయర్, అంటే పాటల బృందం, నడుపుతున్నాడు. అది తప్ప ఆయనకి వేరే లోకం లేదు. సంఘ పెద్ద పుల్లయ్య గారికి నాన్నంటే పడదు. కిందటి క్రిస్మస్‌కి నాన్న చర్చికి డ్రమ్ కిట్ కొన్నందుకే "ఇది దేవుడి ఇల్లా, పెళ్ళి పందిరా?" అని రచ్చ చేశాడు. ఇప్పుడీ పాట రేడియోలో వింటే క్వయర్‌ని నాన్న చేతుల్లోంచి లాగేసుకోడూ?

బెన్నీకి ఫోన్ చేశాను. "ఒరేయ్, నీ బుద్ధి గడ్డి తిందా? ఆదెమ్మత్త గొంతేంట్రా అందులో?"

"అదే కదక్కా హైలైట్! ఊడవడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి పాటంతా వింది. అయిపోగానే ఆ మాట అంది. మా పాటకి ఒక మనిషి ఒక మంచి మాట అనడం అదే మొదటిసారి."

"తాళం?"

"నాన్న చొక్కా జేబులోంచి తీశా."

"నాన్నకి తెలుసా?"

వాడు నసిగాడు. "షో వినమని మాత్రం చెప్పా."

"ఆ ముక్క కోసేస్తున్నాను."

"కొయ్యకక్కా, నీకు దణ్ణం పెడతా. కొంపలేం మునిగిపోవు."

"మునిగేది నాన్న పరువురా!" అని ఫోన్ పెట్టేశాను.

ఇక కుర్చీలో కూర్చుంటే ఒట్టు. లేస్తాను, రెండడుగులు వేస్తాను, గోడ అడ్డం. మళ్ళీ కూర్చుంటాను. ఆ ముక్క వింటాను. కోస్తాను, మళ్ళీ అతికిస్తాను. టీ చల్లారి మీగడ కట్టింది. అద్దం అవతల మేనేజర్ దుర్గాశంకర్ గారు చేతి గడియారం చూపిస్తున్నారు, నా తర్వాత కోచింగ్ కాలేజీ వాళ్ళ ప్రోగ్రాం, ఆలస్యమైతే వాళ్ళూరుకోరు. పాత ఆల్బమ్ చివరి పాటకొచ్చేసింది. చివరికి కోసేశాను. అన్నంలో రాయి ఏరేశాక నిమ్మళంగా ఉండాలా? ఉంటేనా!

'చెరకు లోడు' మొత్తం వేశాను. గాంధీనగరం నుంచి ఒకమ్మాయి, గుడివాడ బస్సులోంచి ఒకాయన ఫోన్ చేసి ఎవరండీ ఈ కుర్రాళ్ళు అన్నారు. చివరి పాట అయింది. ఆదెమ్మ లేదు. ప్రకటన మొదలవగానే నా సెల్ మోగింది. నాన్న! తిట్లు తినడానికి సిద్ధపడి ఎత్తాను.

"దీవెనమ్మా, నేను ఆదెమ్మని. నా మాటేదమ్మా?"

హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాను.

"రేడియోలో నా గొంతొస్తదని బెన్నీ బాబు చెప్పాడు. పేటంతా మీ ఇంటికొచ్చి కూర్చున్నారు. బందరు నుంచి మా అమ్మాయి పని మానుకుని వచ్చింది. పాటైపోయింది, నా మాట రాలేదు. అందరూ నా మొహం చూస్తన్నారమ్మా."

ఫోన్ నాన్న తీసుకున్నాడు. "ఏమే, కోశావా?"

"పుల్లయ్య గారు వింటే నిన్ను..."

"పుల్లయ్య ఇక్కడే కుర్చీలో ఉన్నాడు. నేనే పిలిచా. జేబులో తాళం పోతే నాకు తెలీదనుకున్నారా అక్కాతమ్ముళ్ళు? మావాడు చర్చిలోనే చేశాడు, వినండి అని నేనే అందరికీ చెప్పా. నన్నడిగావా కోసే ముందు? ఇప్పుడు చూడు, ముసల్ది ఏదో ఊహించుకుందిలే అని నవ్వుతున్నాడు పుల్లయ్య. ఆవిడ తలెత్తట్లేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. నాన్న పరువు కాపాడుతున్నానని ఎంత మిడిసిపడ్డాను! తీసేసిందేమో ఆదెమ్మ పరువు. ప్రకటన ఆపేసి, మైకు తెరిచి, ఫోన్ స్పీకర్లో పెట్టాను. అద్దం మీద దుర్గాశంకర్ గారు దబదబా బాదుతున్నారు.

"ఆదెమ్మత్తా, నువ్విప్పుడు రేడియోలో ఉన్నావు. పాట చివర నీ మాట ఉంది. నేనే కోసేశాను, బుద్ధిలేక. ఇప్పుడు అను, బెజవాడంతా వింటుంది."

అవతల పిల్లలెవరో అను అను అంటున్నారు. ఆవిడ గొంతు సవరించుకుంది.

"పాట లేకుండా ఊరికే ఎట్టా అంటానమ్మా? ఆ పిల్లలు చెమటలు కారేట్టు పాడితే కదా అన్నాను. ముందు పాట వెయ్యి."

కొయ్యని ఫైలు తెరిచి, చివరి పాట మొదటి నుంచీ వేశాను.