సెకండాఫ్

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని అంట్లు తోమడం నాకు అలవాటైపోయింది. సినిమా హక్కులున్నవాళ్ళు ఓ పట్టాన ఫోనెత్తరు. ఎత్తినా, మా దగ్గర లేదండీ, ఫలానావారిని అడగండి అంటారు. ఆ ఫలానావారు మళ్ళీ మొదటివారినే చూపిస్తారు. అలా అందరి చుట్టూ తిరిగి, బతిమాలి, ఒక్క ఆటకి అనుమతి సంపాదించి, కాపీ తెప్పించి, అది సరిగ్గా ఆడుతోందో లేదో చూసుకుని, ఆటయ్యాక భద్రంగా తిప్పి పంపేదాకా నాకు కంటి మీద కునుకుండదు.

మా వీధి చివర మూతపడ్డ సినిమా హాలుని చుట్టుపక్కల వాళ్ళమే దులిపి, కడిగి, ఆదివారం సాయంత్రాలు నడుపుకుంటున్నాం. జీతాలంటూ లేవు, ఎవరికి చేతనైంది వాళ్ళు చేస్తారు. ఎలక్ట్రీషియన్ పని చేసి రిటైరైన పెద్దాయన మిషను గదిలో కూర్చుంటాడు, ఆయన్ని అందరం ఆపరేటరుగారంటాం. మా ఆయన అధ్యక్షుడు. సినిమాలు బుక్ చేసే పని నాది. విరామంలో టీ కాచి అందరికీ ఇవ్వడం, ఆ తర్వాత గ్లాసులు కడగడం కూడా నాదే. అది నాకెవరు అప్పగించారో గుర్తు లేదు. ఇంట్లో వంట మాత్రం ఎవరు అప్పగించారో గుర్తుందా ఏమిటి.

మా హాల్లో ఒక ఆనవాయితీ ఉంది. సినిమా తెచ్చినవాళ్ళు ఆట ముందు తెర దగ్గర నిలబడి, దాన్నెందుకు తెచ్చారో రెండు ముక్కలు చెప్పాలి. ఆ రెండు ముక్కలూ మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను మా ఆయనకి చెబుతాను, సాయంత్రం ఆయన మైకులో జనానికి చెబుతారు. ఈ చిత్రాన్ని మేము ఎంతో శ్రమపడి తెప్పించాం అంటారు. ఆ ‘మేము’లో నేనూ ఉన్నానని చాన్నాళ్ళు సంబరపడ్డాను. చివర్లో ఒక జోకుంటుంది. “మా ఆవిడకి ఏ సినిమా అయినా సగమే తెలుసు. సెకండాఫ్ సంగతి కావాలంటే నన్నడగండి.” హాలంతా నవ్వుతుంది. నేనూ నవ్వుతాను.

అందులో అబద్ధమేం లేదు. ఇంట్లో కంప్యూటరు వంటింటి గట్టు మీద పెట్టుకుని సినిమాని చెవులతో చూస్తాను. ఇటు కూర మాడుతోందేమోనని ఒక కన్ను, అటు ఏడుస్తున్నదెవరా అని ఒక కన్ను. నీకేమమ్మా, వంట చేస్తూనే సినిమాలు, మాకీ వైభోగం ఎక్కడిది అని అత్తగారు అంటూనే ఉంటారు. హాల్లోనేమో విరామం తర్వాత కథంతా గ్లాసులతోనే గడిచిపోతుంది. గోడ అవతలి సంగీతాన్ని బట్టి ఎవరు పోయారో, ఎవరు కలిశారో ఊహించుకుంటాను. ఆ మాట ఒకసారి మా అమ్మాయితో నవ్వుతూ చెబితే, ఎందుకమ్మా నీకీ చాకిరీ, మానెయ్యరాదూ అంది. మానెయ్యడం కూడా నేనే చేసుకోవాల్సిన ఇంకో పని అన్నట్టుంది దాని మాట.

అన్ని సినిమాలూ ఒకెత్తు, ఒక్క సినిమా ఒకెత్తు. పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం వెళ్ళిన సినిమా అది. జీవితంలో ఒకే ఒక్క సినిమా తీసిన ఒకావిడ తీసింది. అందులో భార్య ఇంకా ఎవరూ లేవకముందే వాకిలి తలుపు గడియ తీసి గడప మీద నిలబడుతుంది. చేతిలో సంచీ కూడా ఉండదు. ఇంట్లోకి ఒకసారి, వీధిలోకి ఒకసారి చూస్తుంది. అక్కడ విరామం. లైట్లు వెలగ్గానే మా ఆయన లేచి, “లే, పోదాం. ఒకటే సోది, తలనొప్పొచ్చింది,” అన్నారు. లేచాను. చీర కొంగు కుర్చీ మేకుకి పట్టుకుంటే విడిపించుకుని మరీ లేచాను.

ఆ తర్వాత ఆ సినిమా ఎక్కడా ఆడలేదు. ఆవిడ గడప దాటిందో, వెనక్కొచ్చి పొయ్యి వెలిగించిందో నాకు తెలీదు. పాలు పొంగకుండా కాపలా కాస్తున్నప్పుడు, పిల్ల జ్వరం నా అజాగ్రత్త వల్లే వచ్చిందని ఇంటిల్లిపాదీ తేల్చినప్పుడు, మా ఆయన కంచం ముందు కూర్చుని ఉప్పు గురించి ఉపన్యాసం ఇచ్చినప్పుడు ఆవిడ గుర్తొచ్చేది. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉందేమో అనిపించేది.

ఈ ఏడాది ఎలాగైనా ఆ సినిమా తెప్పించాలని పట్టుబట్టాను. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, చివరికి తీసినావిడనే పట్టుకున్నాను. పెద్దావిడైపోయింది, గొంతు మాత్రం గట్టిగా ఉంది. కాపీ ఒక్కటే మిగిలిందట. పాత సినిమాలు భద్రపరిచేవాళ్ళకి ఇచ్చేస్తోందట. వాళ్ళు సోమవారం వచ్చి తీసుకెళ్తారు, వాళ్ళ చేతికెళితే ఇక బయటికి రాదు, ముందు రోజు ఆదివారం మీ హాల్లో వేసుకోమ్మా అంది. ఫోను పెట్టేశాక వంటింట్లో కాసేపు ఊరికే నిలబడ్డాను. హాలు గుమ్మం దగ్గరి నల్లబల్ల మీద సినిమా పేరు నా చేత్తోనే రాశాను. ఆ రోజుకి మధ్య వరసలో నాకో కుర్చీ అట్టిపెట్టమని ఆపరేటరుగారికి చెప్పాను.

“సెకండాఫ్‌కి కూడానా చెల్లెమ్మా?” అన్నాడాయన నవ్వుతూ.

“సెకండాఫ్ కోసమే అన్నయ్యా,” అన్నాను.

రెండు రోజులు పోయాక హాలు ఊడవడానికి వెళ్ళేసరికి బల్ల మీద ఆ పేరు లేదు. ఎవరో అరచేత్తో తుడిచేసిన మరక, దాని మీద ఇంకో సినిమా పేరు. చేతిరాత మా ఆయనది. ఇంటికొచ్చి అడిగితే పేపరు దించకుండానే చెప్పారు. వాళ్ళ ఆఫీసు మేనేజరు రిటైరవుతున్నాడు, ఆయనకి ఆ ఫైటింగు సినిమా అంటే ప్రాణం, మాటిచ్చేశారు. సోమవారం సంగతి, కాపీ సంగతి మొదట్నుంచీ మళ్ళీ చెప్పాను. ముందే చెప్పొద్దూ అన్నారు. ముందే చెప్పాను, భోజనాల దగ్గరే చెప్పాను.

“సర్లే, ఇప్పుడేమైంది? ఆయన రిటైర్మెంటు మళ్ళీ రాదు. నీదేముంది, ఎప్పుడైనా వేసుకోవచ్చు.”

నీదేముంది. చదువు ఆగినప్పుడూ, ఉద్యోగం మానినప్పుడూ ఈ మాటే విన్నాను. ఎప్పుడైనా చేసుకోవచ్చు అన్నవేవీ నేను మళ్ళీ చేసుకున్నది లేదు.

పెద్దావిడకి ఫోన్ చేసి కుదరడం లేదని చెప్పాను. ఆవిడ కోప్పడితే బాగుండేది. మెల్లగా ఒకటే అడిగింది.

“నువ్వు విరామం దాకానే చూశావు కదూ?”

“మీకెలా తెలుసండీ?”

“నాకు ఫోన్ చేసే ఆడవాళ్ళందరూ అంతేనమ్మా. ఎవరో ఒకరు మధ్యలో లేపి తీసుకెళ్ళినవాళ్ళే.”

సినిమాలో ఆవిడ గడప దాటుతుందా లేదా, అదొక్కటీ చెప్పండి అన్నాను. చెబితే ఒక్క ముక్క, దానికోసమా ఇన్నేళ్ళు ఆగావు, అది చూసి తెలుసుకోవాల్సింది తల్లీ అంది. ఇంతకీ ఆట మార్చిందెవరని అడిగింది.

“మేమే,” అన్నాను.

అన్నాక నా గొంతు నాకే అసహ్యమేసింది. సుద్దముక్క నా సంచీలోనే ఉంది. వెళ్ళి ఆ పేరు తుడిచి, నా సినిమా పేరు మళ్ళీ రాసి ఉండొచ్చు. ఇప్పుడు తలుచుకుంటే ఆ బల్ల దాకా నడవడానికి నాకేం అడ్డమొచ్చిందో తెలీదు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని ఆపలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఆదివారం మేనేజరుగారు కుటుంబంతో సహా ముందు వరసలో కూర్చున్నారు. మా ఆయన మైకు పట్టుకుని ఆయన్ని పొగిడి, చివర్లో జోకు వేశారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. టీకి నీళ్ళు స్టౌ మీద పెట్టి, వెలిగించబోయి ఆగి, హాల్లోకి వెళ్ళాను. ఆపరేటరుగారు మాట తప్పలేదు. మధ్య వరసలో ఒక కుర్చీ మీద ఆయన తువ్వాలు పరిచి ఉంది. దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

విరామం వచ్చింది. లైట్లు వెలిగాయి. మా ఆయన వరసలన్నీ వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చారు.

“ఇక్కడున్నావేంటి? లే. మేనేజరుగారు టీ కోసం చూస్తున్నారు.”

“నీళ్ళు స్టౌ మీదున్నాయి. టీ పొడి డబ్బా పక్కనే ఉంది,” అన్నాను.

ఏమైంది, ఒంట్లో బాలేదా అన్నారు. బాగానే ఉందన్నాను. ఇంకాసేపు నిలబడ్డారు. చుట్టూ జనం చూస్తున్నారు. చివరికి ఆయనే వెళ్ళారు. చాలాసేపటికి పల్చటి టీ వచ్చింది, నాక్కూడా ఒక గ్లాసు అందింది. పైన కిటికీలోంచి ఆపరేటరుగారు తొంగి చూసి, గ్లాసులు కడిగేదాకా ఆగనా చెల్లెమ్మా, సెకండాఫ్ వెయ్యమంటావా అని అడిగాడు.

“వెయ్యండి. నేను చూస్తాను.”

చెత్త సినిమా. ఎవరెవరినో కొడుతున్నారు, ఎందుకో వాళ్ళకే తెలియాలి. నేను చూడాల్సింది ఇది కాదు. అది ఆ పెద్దావిడ ఇంట్లో అట్టపెట్టెలో ఉంది, తెల్లారితే బండెక్కి వెళ్ళిపోతుంది. అయినా కదలకుండా కూర్చున్నాను, ఆఖరి పేరు తెర మీద నుంచి పోయేదాకా. మధ్యలో తెర మీది చప్పుడు కాస్త తగ్గినప్పుడు, గోడ అవతల ఎవరో గ్లాసులు కడుగుతున్న శబ్దం వినబడింది. అది హాల్లోకి ఇంత బాగా వినబడుతుందని, ఇన్నేళ్ళూ ఇక్కడ కూర్చున్న ఎవరూ నాతో అనలేదు.