వండిన మనిషి ముద్ద

అప్పలనర్సమ్మ గంజి వార్చి, డేక్సాలోంచి రెండు గరిటెల అన్నం పక్కకి తీసింది. దానికింత పప్పు చేర్చి మెత్తగా మెదిపి, వేణ్నీళ్లు పోసి, గుడ్డలో వడకట్టి, సత్తుగిన్నెని బియ్యం డబ్బా వెనక దాచింది. డిసెంబరు చలికి వేళ్లు తెల్లబడి, నీలం తిరిగాయి. గంజి ఆవిరి మీద కాచుకుంది.

ఊరు కాని ఊరు రిసాలిలో, ఆ రేకుల మెస్సులో తినేవాళ్లు పదకొండుమంది. అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి స్టీలు ప్లాంటు పనికొచ్చినవాళ్లే. మొగుడు పోయిన ఆరేళ్లుగా ఆవిడకి ఆ వంటే బతుకు, ఆ వంటిల్లే ఇల్లు.

రెండేళ్లనుంచి మొహంలో ముడతలు పోయి చర్మం నున్నగా బిగిసింది. నోరు చిన్నదైపోయింది. "వయసు తగ్గిపోతంది అత్తా నీకు!" అని మెస్సులో కుర్రాడు తాతబ్బాయి ఆట పట్టించేవాడు. ఆవిడా నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది!

ఆస్పత్రి డాక్టరు మాత్రం నవ్వలేదు. చర్మం బిగిసే జబ్బట, లోపల అన్నం దిగే గొట్టానికీ పాకిందట. జావే తాగమన్నాడు, తిన్నాక వెల్లకిలా పడుకోవద్దన్నాడు, తిన్నది ఎగదన్ని ఊపిరాడదట. అంటుకునేది కాదనీ చెప్పాడు. ఆ మాట మెస్సులో ఎవడు నమ్ముతాడు? చర్మం జబ్బంటే చాలు, కుష్ఠు, పెద్దరోగం అంటారు, ఆ పూటే వెళ్లగొడతారు. అందుకే నోరెత్తలేదు. అందరూ వెళ్లాక తలుపేసుకుని జావ తాగేది, గోడకి జారబడి నిద్రపోయేది.

వారంగా తాతబ్బాయికి కడుపునొప్పి. ఆ మధ్యాహ్నం మెస్సుకి పెద్దయిన నరసింగరావు పీట మీద కూర్చోలేదు.

"అప్పలనర్సమ్మా, నీ సేతి కూడు నువ్వు తినడం మేవెప్పుడూ సూడనేదు. కూట్లో మందెట్టినావని తాతబ్బాయి అంతన్నాడు. మా ఊర్ల వండినోలే ముందు ఓ ముద్ద తింతారు. తిను. నేదంతే రేపు ఇంకోలిని సూసుకుంతాం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. జబ్బు సంగతి చెబితే పెద్దరోగం, తినకపోతే మందు.

"అలగంతావేటి బాబూ! నాను మందెట్టే మనిసినా?"

ముద్ద కలిపింది. నోట్లో పట్టకపోతే వేలితో తోసింది. రెండు గుక్కల నీళ్లు తాగింది. ముద్ద రొమ్ము వెనక ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు.

"కారం ఎక్కువైనాది," అంది. "కూకోండి, సల్లారిపోతాది."

కూర్చున్నారు. తాతబ్బాయి మూడుసార్లు అడిగి మరీ వడ్డించుకున్నాడు, పాపం కడుపునొప్పి ఏమైపోయిందో! ఆ ముద్దని గుండెల్లో మోస్తూనే ఆవిడ మజ్జిగదాకా వడ్డించింది, అంట్లు తోమింది. ఇక కూర్చోలేకపోయింది. గోనె పరుచుకుని, డాక్టరు వద్దన్నా వెల్లకిలా నడుం వాల్చింది.

నాలుగింటికి తాతబ్బాయి వచ్చి, "అత్తా, చాయ్!" అన్నాడు. మళ్లీ పిలిచి భుజం తట్టాడు. పెదవుల పక్కన మెతుకులున్నాయి. ఊపిరి లేదు.

ఆవిడ మీద కప్పడానికి గుడ్డకోసం వెతుకుతుంటే నరసింగరావుకి బియ్యం డబ్బా వెనక గిన్నె దొరికింది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఏటి మామా అది?" అన్నాడు తాతబ్బాయి.

"మన కూడేరా. మనం తిన్నదే."

గిన్నె నేలమీద పెట్టాడు. ఆవిడ ముట్టని జావ చల్లారి, పైన పల్చగా మీగడ కట్టింది.