ఉబ్బిన రబ్బరు

బ్రేకు నూనె డబ్బీ మూత కింది రబ్బరు పూరీలా పొంగి పైకి లేచింది, ఎవరో ఇందులో పోయకూడని నూనె పోశారు, అంటే నిన్న గుట్ట దిగుడులో ముందు చక్రాలు వాటంతటవే పట్టేయడం నిరంజన్ నడపడంలోని తప్పు కాదు, అనుకుంటూనే జ్యోతిరాణి ఆ రబ్బరును రెండు వేళ్ల మధ్య పట్టి చూసింది, నెల కింద తన చేతులతో వేసింది, అప్పుడు గాడిలో ఒదిగి కూర్చున్నది ఇప్పుడు గాడిలో పట్టనే పట్టదు, పదకొండేళ్లుగా ఇచ్చోడలో హైవే పక్కన షెడ్డు నడుపుతోంది, ట్రాక్టర్లు, ఆటోలు, నాగపూర్ లారీలు, ఇప్పుడు మోటారు సైకిల్‌లా హ్యాండిల్‌తో నడిచే ఈ నాలుగు చక్రాల బండి, గుట్ట మీది గూడేల నుంచి గర్భిణులను రోడ్డు దాకా దింపడానికి ఓ సేవా సంస్థ కొనిచ్చింది, వానలకు జీపు దారి కోసుకుపోయాక పైకి ఎక్కగలిగేది ఇదొక్కటే, ఇవాళ పన్నెండింటికల్లా పై గూడెం గర్భిణి గంగుబాయి కింద రోడ్డు మీద అంబులెన్సులో ఉండాలి, బండి పదిన్నరకు కదలాలి, ఇప్పుడు ఏడున్నర, మూడు గంటలు, చాలు, ఈ చేతులకు మూడు గంటలు చాలు.

ముందు అది ఏ నూనో తేలాలి, టీ గ్లాసులో నీళ్లు పోసి, డబ్బీలోంచి సిరంజితో లాగిన నాలుగు చుక్కలు వదిలింది, అసలైన బ్రేకు నూనె అయితే నీళ్లలో చక్కెరలా కలిసిపోతుంది, ఇది కలవలేదు, చారు మీద పోపు నూనెలా తేలి నిలిచింది, ఇంజన్ నూనె గాని ట్రాక్టర్ హైడ్రాలిక్ నూనె గాని అయివుండాలి, వాటి చోట అవి మంచివే, ఈ రబ్బర్లకు మాత్రం విషం, తాగి తాగి ఉబ్బుతాయి, ఉబ్బినవి వెనక్కి జరగవు, పిడి వదిలినా బ్రేకు చక్రాన్ని వదలదు, వెనుక బ్రేకుకు డబ్బీ వేరే ఉంది, దాని నూనెను ఇంకో గ్లాసులో వేసింది, చుక్కలు మాయమయ్యాయి, వెనుకది శుభ్రం, సగం పని తగ్గింది, అంతలో ఫోను, గుట్ట మీద నుంచి ఆశా కార్యకర్త దుర్గవ్వ, జ్యోతమ్మా, నొప్పులైతే ఇంక రాలే గని పిల్ల కాళ్లు బాగ పొంగినయి, బీపీ ఎక్కువున్నది, డాక్టరమ్మ ఇయ్యాలనే తెమ్మన్నది, బండి వస్తదా రాదా సాఫ్ చెప్పు, రాదంటే నలుగుర్ని పిలిచి మోసేతందుకు మంచం కట్టిస్త, అంది, వస్తది అక్కా, నేను చెప్తున్న గద, వస్తది, ఫోను పెట్టేశాక కూడా ఆ పొంగిన కాళ్లూ ఈ పొంగిన రబ్బరూ కళ్ల ముందు ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి, రబ్బరు సంగతి తనకు తెలుసు, ఆ పిల్ల కాళ్ల సంగతి చూసే వాళ్ల దగ్గరికి చేర్చాలి, తన వంతు అంతే, ఆ వంతులో తనకు తిరుగులేదు.

మోచేతికి కట్టుతో నిరంజన్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు, బండి నడిపేది అతనే, ఏంరా, దీంట్ల ఏం పోసినవ్, నేనేం పోస్త అక్కా, మూత ముట్టనే లే, ముట్టకపోతే నూనె నడుచుకుంట వచ్చిందా, అక్కా నిన్న సంస్థ సారు ఫోన్ల బ్రేకు మీద చెయ్యి పెట్టి నడిపినవని తిట్టె, ఇయ్యాల నువ్వు గిట్లంటవా, వాగు కాడ బండి అడ్డం తిరిగితే దూకిన, ఖాళీ బండి గాబట్టి బతికిన, ఎన్కల ఓ తల్లి కూసోని ఉంటే ఏమయితుండె, అతని గొంతులో కోపం కాదు, ఇంకా దిగని భయం ఉంది, జ్యోతిరాణి మూత స్క్రూలు అరచేతిలో వేసుకుని వెలుతురుకు తిప్పింది, మెత్తటి స్క్రూలు, సరైన స్క్రూడ్రైవర్ లేకుండా తిప్పితే తలలు చితికిపోతాయి, ఇవి ఒక్క గీత లేకుండా ఉన్నాయి, మూత విప్పే ముందు ఎవరో డబ్బీ చుట్టూ మట్టిని కుంచెతో దులిపారు, బురదలో ఆ కుంచె చార కూడా కనిపిస్తోంది, నిరంజన్ చేతికి స్క్రూడ్రైవర్ ఇస్తే నంబర్ ప్లేటే చితుకుతుంది, ఇది పని తెలిసిన చెయ్యి, దుమ్ము దులపకుండా మూత తీయని చెయ్యి, అలాంటి చేతులు ఈ షెడ్డులో రెండు జతలే, ఒక జత తనది.

ఆ ఆలోచనను అక్కడే ఆపి పానాలు ముందేసుకుంది, ముందు పని కావాలి, నాగపూర్ నుంచి బస్సులో తెప్పించి పెట్టుకున్న ముందు బ్రేకు సామాను అంతా ఉంది, పిడి దగ్గరి సిలిండర్ రబ్బర్లు, రెండు చక్రాల రబ్బర్లు, గొట్టాలు, ఒక్కటీ పాతది ఉంచకూడదు, ట్యాంకు మీద తడిబట్ట కప్పింది, బ్రేకు నూనె పడితే రంగు లేచిపోతుంది, విప్పింది, లోహపు ముక్కలన్నీ స్పిరిట్‌తో రెండుసార్లు కడిగి గాలి కొట్టి ఆరబెట్టింది, కొత్త రబ్బర్లకు బ్రేకు నూనె రాసి కూర్చోబెట్టింది, సీలు తీయని డబ్బా తెరిచింది, విప్పి పెట్టిన డబ్బా గాలిలో తేమ తాగుతుంది, వానాకాలం మరీను, ఇక బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయాలి, దానికి ఇద్దరు కావాలి, బాపూ, జర రా, అని పిలిచింది, బల్ల మీద నట్లు ఏరుతున్న రాజలింగు లేచి వచ్చాడు, అరవై ఆరేళ్లు, బెల్లంపల్లి వైపు బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు డంపర్ నడిపిన మనిషి, కూతురికి పానా పట్టడం నేర్పినవాడు, హ్యాండిల్ దగ్గర నిలబడి పిడి పట్టుకున్నాడు, ఆమె చక్రం దగ్గర కూర్చుని గాలి వదిలే నిప్పల్‌కు సన్నటి గొట్టం తగిలించి, కొస సీసాలోని నూనెలో ముంచింది, పట్టు, పట్టిన, నిప్పల్ వదులు చేస్తే గొట్టంలో బుడగలు, బిగించింది, ఇడువు, ఇడిసిన, పట్టు, పట్టిన, డబ్బీల నూనె జూడు బాపు, ఎండితే మళ్ల గాలి గుంజుతది, ఉన్నది బిడ్డా, ఇడువు, ఇడిసిన, ఎంత చక్కటి జోడీ, చిన్నప్పుడు క్వార్టర్ ముందు పాత స్కూటర్‌కు ఇలాగే ఈయన చెబుతుంటే తను పట్టేది, ఇప్పుడు మాట తనది, పట్టు ఆయనది, ఇవాళ ఆయన ప్రతి పనికీ చెప్పే జోకులేవీ చెప్పడం లేదు, ఒక్కటి కూడా, ముఖం ఎత్తి చూడాలనిపించలేదు, గొట్టంలో బుడగలు సన్నబడ్డాయి, ఆగిపోయాయి, తేనె కంటే పలచగా, తేటగా నూనె దిగింది, కుడి చక్రం అయింది, ఎడమ చక్రం అయింది, పిడి రాయిలా గట్టిబడింది, వదిలితే చక్రం వేలితో తోసినా తిరుగుతోంది, పది గంటల అయిదు నిమిషాలు, షెడ్డు వెనుక ఏటవాలు మీద తనే పదిసార్లు దింపి పదిసార్లూ ఆపింది, గీత గీసినట్టు ఆగింది, ఆపగలనని తెలిసే మొదలుపెట్టింది.

ఎక్కు నిరంజన్, అంటే అతను కదల్లేదు, ఎవలు పోసిన్రో చెప్పు అక్కా, చెప్పకపోతే నేనెక్క, బండి ఇయ్యాల మంచిగనే ఉన్నది, నేను గూడ జూసిన, రేపు ఆళ్లే మళ్ల పోస్తే, నేను దిగుడుల ఉన్నప్పుడు తెల్వాల్నా, బీరాలు పోతలే, ఎన్కల గర్భిణి కూసుంటది, అన్నాడు, అతను అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, గోడ గడియారం పదీ ఇరవై, పైన దుర్గవ్వ దారి మీద కళ్లు పెట్టుకుని ఉంటుంది, నేనే పోసిన అని తనంటే అయిపోతుంది, తమ్ముడూ పొరపాటున డబ్బా మారింది అంటే నమ్ముతాడు, తన పేరు ఈ హైవే మీద ఒక్క మాటతో చెడిపోయేది కాదు, నోటిదాకా వచ్చింది కూడా, పళ్ల వెనుక ఆగింది, ఎందుకంటే బాపు అప్పుడు బల్ల వైపు పోవడం లేదు, బండికి ఎడమ పక్కన, ఎక్కే వైపు వచ్చి నిలబడి ఉన్నాడు, ఆ నిలబడడం తనకు తెలుసు, గనిలో షిఫ్టు మారేటప్పుడు దిగే డ్రైవర్ అలాగే ఎక్కే వైపు నిలబడి, ఎక్కేవాడికి బండి లోపం తన నోటితో చెప్పి గాని ఇంటికి పోకూడదు, ఎడమకు గుంజుతుంది, రెండో గేరు ఆలస్యం, నా చేత అద్దం పగిలింది, ఏదైతే అది, రాసుకునే పుస్తకం వేరే ఉన్నా నోటిమాట ముందు, చెప్పకుండా దిగిన వాడితో ఆ తర్వాత ఎవరూ టీ తాగరు, క్వార్టర్లలో పిల్లలు కూడా ఎరిగిన కట్టుబాటు అది, ముప్పై ఏళ్లు ఆ మాట తప్పని మనిషి తప్పును తను నెత్తికెత్తుకుంటే కాపాడడం కాదు, ఆయన నోట్లోంచి ఆ మాటను లాక్కోవడం, ఈ పొద్దంతా ఆయన్ను దాచాలా బయటపెట్టాలా అని తను కొట్టుకుంటోంది గాని ఆ రెండూ తన పని కావు, ఆయనకు కావలసింది నిలబడే చోటు, అంతే, జ్యోతిరాణి ఒక అడుగు పక్కకు జరిగింది, బాపూ, నిరంజన్ బండెక్కుతుండు, అంది.

రాజలింగు భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు, గొంతు సవరించుకోలేదు, నేల చూడలేదు, నిరంజన్, ఇనుకొని ఎక్కు, అన్నాడు, మంగళారం పొద్దుగూకంగ ముందటి బ్రేకుల నూనె జర తక్కువ కనవడ్డది, ట్రాక్టర్లకు పోసే నూనె తెచ్చి నేనే నింపిన, డంపర్ బ్రేకులకు గసుంటిదే పోసేటోళ్లం, దీనికి గూడ గదే అనుకున్న, మూత మీద ఏం రాసున్నదో సదువలే, నా బిడ్డను అడుగలే, నేర్పినోన్ని నేను అడుగుడేంది అనుకున్న, నిన్న నీ మోచెయ్యి పగిలింది నా తోని, సారు నిన్ను తిడుతుంటే ఈడనే కూసోని ఇన్న, నోరు తెరువలే, గది నూనె కంటె పెద్ద తప్పు, ముందటిదే ముట్టిన, ఎన్కది ముట్టలే, ఇగ నా బిడ్డ చెప్పంది ఒక్క మూత గూడ తియ్య.