కొత్త మాస్టారి చెవి

డాన్యూబ్ నదికి బల్గేరియా వైపు ఒడ్డున ఉన్న బ్రెగోవిత్స పట్నం ఆర్కెస్ట్రాలో ఒక ఆనవాయితీ ఉంది. వాద్యగాళ్లను నడిపించే కొత్త కండక్టర్ వచ్చాడంటే మొదటి రిహార్సల్‌లో ఎవరో ఒకరు కావాలనే తప్పు స్వరం వాయిస్తారు. పట్టుకున్నాడా, మాస్టారు. పట్టుకోలేదా, గాలిలో పుల్ల ఊపే మనిషి. ఇదివరకటాయన, పైకప్పు పెచ్చు ఊడి డప్పు మీద పడితే "భేష్, మళ్లీ అలాగే" అన్నాడట.

ఈసారి తప్పు చేసే వంతు మెతోదీది. బసూన్ అనే నిలువెత్తు చెక్కగొట్టాన్ని ముప్పయ్యొక్క ఏళ్లుగా ఊదుతున్నవాడు. వచ్చినాయన పేరు ఓగ్న్యన్. శుక్రవారం వాద్యగాళ్లు చేతులెత్తితే ఉద్యోగం ఆయనది, లేకపోతే వచ్చిన దారినే పోవాలి.

సోమవారం మెతోదీ తప్పు ఊదాడు. ఓగ్న్యన్ ఆపలేదు. మంగళవారం అదే చోట ఎంత గట్టిగా ఊదాడంటే, నదికి అవతల రొమేనియాలో కుక్కలు లేచి మొరిగాయి. ఆయన కనురెప్పైనా కదల్చలేదు. "చెల్లోలు అక్కడ కాస్త నిండుగా వాయించండి" అన్నాడంతే, పెద్ద ఫిడేళ్ల వరసకేసి తిరిగి.

"వట్టి చెవిటి మాలోకంరా" అన్నాడు బేస్ ఫిడేలు హరలాంపి, కాఫీ వేళ జున్ను పెట్టి కాల్చిన బానిత్సా రొట్టె నములుతూ. "శుక్రవారం సాగనంపేద్దాం."

మెతోదీ తన బానిత్సా పక్కన పెట్టేశాడు. చెవిటివాడే అయితే సరిగ్గా ఆ చోటే చెల్లోల మోత ఎందుకు పెంచమన్నట్టు? బుధవారం మళ్లీ ఊదాడు. చెల్లోల హోరులో తన తప్పు తనకే వినపడలేదు. ఇక ఆగలేక గురువారం ఆయన గది తలుపు తట్టాడు.

"మాస్టారూ, నా తప్పు మీకు వినపడిందా?"

"సోమవారమే వినపడింది, మెతోదీ గారూ."

"మరి ఆపలేదేం?"

ఓగ్న్యన్ ఇబ్బందిగా పెన్సిలు తిప్పాడు. "పెద్దవారు. చెవి మందగించిందేమో అనుకున్నాను. నలుగురిలో అనేస్తే మీరు మళ్లీ ఆ గొట్టం ముట్టుకుంటారా? అందుకే చెల్లోలతో కప్పించాను."

మెతోదీ టోపీ సర్దుకుని బయటికొచ్చేశాడు. ఈ సంగతి చెబితే ఆయన నిలుస్తాడు, తను మాత్రం బతికినన్నాళ్లూ చెవిటి మెతోదీ అయిపోతాడు. చెప్పకపోతే ఆయన రైలెక్కుతాడు.

శుక్రవారం, చేతులెత్తే ముందు, లేచి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. హరలాంపి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అయితే నిన్ను నిజంగానే చెవిటివాడనుకున్నాడా?"

"అనుకున్నాడు. నవ్వరా, నవ్వు. అది సరే, నిన్న నువ్వు వాయించేచోట ఎవర్నో మోత పెంచమన్నాడు కదా. ఎవర్ని?"

హరలాంపి నవ్వు సగంలో ఆగింది. "డప్పుని" అన్నాడు మెల్లగా.

ట్రంపెట్ ఊదే రాదోస్తీనకి, మాస్టారు తన కుర్చీని గోడవైపు తిప్పించిన సంగతి గుర్తొచ్చింది. హార్ప్ తీగలు మీటే ఆవిడ, నన్నెందుకు వెనక్కి జరిపాడని పక్కావిడ చెవిలో అడిగింది. హాలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అందరికంటే ముందు లేచిన చెయ్యి హరలాంపిదే.

"ఉండనిద్దాం. నేనేం తప్పు వాయిస్తున్నానో ఆయన్నే అడగాలి" అన్నాడు.